తడి పత్తి, తాకట్టు షేర్లు

ఏటా పెత్రమాస దగ్గరపడుతుంటే ఫోన్లలో రెండు రకాల వీడియోలు పోటెత్తుతాయి. ఒకటి బతుకమ్మ పాటలు. రెండోది "అక్టోబరులో మార్కెట్ కుప్పకూలుతుందా?" అంటూ ఎర్ర బాణం కిందికి గీసిన బొమ్మలు. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర చాయ్ బండి కాడ నిలబడ్డా, జడ్చర్ల బాదేపల్లి యార్డులో కాంటా పక్కన నిలబడ్డా ఇప్పుడు డీమ్యాట్ (షేర్లు దాచుకునే ఖాతా) మాట వినపడుతోంది కాబట్టి ఈ రెండో రకం వీడియోల గురించి కొంచెం గట్టిగానే మాట్లాడుకోవాలి. శరత్కాలపు భయం వట్టి మూఢనమ్మకమని కొట్టిపారేసేవాళ్లతో నాకు పేచీ ఉంది. క్యాలెండర్ చూసి వణికేవాళ్లతో అంతకన్నా పెద్ద పేచీ ఉంది.

ముందు భయపడేవాళ్ల చిట్టా చూద్దాం, చిన్నదేమీ కాదు. 1929 అక్టోబరు 28, 29 తేదీల్లో అమెరికా డౌ జోన్స్ సూచీ రెండు రోజుల్లోనే దాదాపు నాలుగో వంతు పోగొట్టుకుంది. 1987 అక్టోబరు 19న ఒక్క పూటలో 22.6 శాతం పడింది. 1992 సెప్టెంబరు 16న బ్రిటన్ తన పౌండును నిలబెట్టలేక ఐరోపా కరెన్సీల మారకపు రేట్ల ఏర్పాటు నుంచి బయటికొచ్చింది. 2008 సెప్టెంబరు 15న అమెరికా పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది. ఆ అక్టోబరు 24న మన సెన్సెక్స్ ఒక్క రోజులో సుమారు 11 శాతం కూలింది. 27న, సరిగ్గా దీపావళి ముందు రోజు, నిఫ్టీ 2,252 దాకా జారి అక్కడి నుంచి లేచింది. మొన్నటికి మొన్న 2024లో సెప్టెంబరు 27న నిఫ్టీ 26,277 తాకింది. తర్వాతి నెలలో 6 శాతానికి పైగా దిగింది. ఆ ఒక్క అక్టోబరులోనే విదేశీ సంస్థలు మన షేర్లలోంచి 90 వేల కోట్ల రూపాయలకు పైగా వెనక్కి తీసుకున్నాయి.

ఇక వాళ్లు చెప్పని చిట్టా. మన మార్కెట్‌కు బాగా దెబ్బ తగిలిన రోజుల్లో 2004 మే 17 ఉంది, 2020 మార్చి 23 ఉంది, 2024 జూన్ 4 ఉంది. మొదటిది, మూడోది ఎన్నికల ఫలితాల దెబ్బ. నడిమిది కరోనా, ఆ రోజు సెన్సెక్స్ 13 శాతం పోయింది. బతుకమ్మకూ వీటికీ ఏ సంబంధమూ లేదు. అమెరికాలో కూడా సగటున బలహీనమైన నెల సెప్టెంబరు. అక్టోబరు ఎగుడుదిగుడుల నెలే గానీ సగటు లెక్కలో నష్టాల నెల కాదు. 2002లోనూ 2022లోనూ అమెరికా మార్కెట్ అడుగు తాకి లేచింది అక్టోబరులోనే. తేదీ చూసి అమ్ముకున్నవాడు ఆ రెండుసార్లూ అడుగులోనే అమ్ముకున్నట్టు లెక్క.

మరి ఈ పేరు శరత్తుకే ఎందుకొచ్చింది? జవాబు షేర్లలో లేదు, పంటలో ఉంది. 19వ శతాబ్దపు అమెరికాలో శరత్తు అంటే పంట కదిలే కాలం. గోధుమ, మొక్కజొన్న, పత్తి కొనడానికి ఊళ్లలో నోట్లు కావాలి. అందుకని పల్లె బ్యాంకులు న్యూయార్క్ బ్యాంకుల్లో దాచుకున్న డబ్బును సెప్టెంబరు, అక్టోబరుల్లో వెనక్కి అడిగేవి. న్యూయార్క్ బ్యాంకులేమో అదే డబ్బును షేర్ల పూచీ మీద, ఎప్పుడంటే అప్పుడు తిరిగి కట్టాల్సిన అప్పులుగా తిప్పుతుండేవి. పల్లె అడగ్గానే ఆ అప్పులు వెనక్కి పిలవాల్సి వచ్చేది, వడ్డీ ఎగబాకేది, అప్పు మీద షేర్లు పట్టుకున్నవాడు వచ్చిన ధరకు అమ్మేవాడు. 1873 సెప్టెంబరు గండం, 1907 అక్టోబరు గండం ఇలా పైసలు బిగుసుకున్న వారాల్లోనే వచ్చాయి. పంట కాలానికి తగ్గట్టు నగదు పెంచి, తర్వాత తగ్గించే కేంద్ర బ్యాంకు ఒకటుండాలని 1913లో ఫెడరల్ రిజర్వ్ చట్టం తెచ్చుకోవడానికి ఈ అనుభవం ఒక ముఖ్య కారణం.

ఇది చదువుతుంటే చండూరు, దేవరకొండ వైపు వాళ్లకు కొత్త సంగతిలా అనిపించదు. మన రిజర్వ్ బ్యాంకు కూడా 1990ల దాకా ఏడాదిని రెండు ముక్కలు చేసి పరపతి విధానం ప్రకటించేది. ఇంచుమించు మే నుంచి అక్టోబరు దాకా మందకొడి కాలం, ఆ తర్వాత ఏప్రిల్ దాకా గిరాకీ కాలం. పేరు పోయింది గానీ పని పోలేదు. వానాకాలం ధాన్యం దిగే వారాల్లో మిర్యాలగూడ మిల్లులకు ఎంత నగదు కావాల్సి వస్తుందో అక్కడి బ్యాంకు మేనేజర్‌ను అడిగితే చెప్తాడు.

ఇప్పటి శరత్తులో పంటకు తోడు ఇంకొన్ని చేరాయి. సెప్టెంబరు 15కు ముందస్తు పన్ను, ఏడాది పన్నులో 45 శాతం అప్పటికి కట్టి ఉండాలి. 20న జీఎస్టీ. ఈ రెండూ బ్యాంకుల్లోంచి ప్రభుత్వ ఖాతాలోకి పోయే డబ్బు, అది మళ్లీ ఖర్చయ్యేదాకా వ్యవస్థలో బిగువే. దాని వెనకే పండగకు జనం ఏటీఎంల నుంచి నోట్లు తీస్తారు, బ్యాంకుల్లో అంతమేర తగ్గుతుంది. అటు అమెరికాలో చాలా మ్యూచువల్ ఫండ్లకు పద్దుల ఏడాది అక్టోబరు 31తో ముగుస్తుంది కాబట్టి పన్ను లెక్క కోసం నష్టాల్లో ఉన్న షేర్లను అంతకుముందే వదిలించుకుంటాయి. అమెరికా ప్రభుత్వ బడ్జెట్ ఏడాది సెప్టెంబరు 30న ముగుస్తుంది. 2025లో ఒప్పందం కుదరక అక్టోబరు 1 నుంచి 43 రోజులు ఆఫీసులు మూతపడ్డాయి. మన వైపు చూస్తే ధనత్రయోదశికి బంగారం దిగుమతి. 2025 అక్టోబరులో మన సరుకుల వాణిజ్య లోటు దాదాపు 41.7 బిలియన్ డాలర్లకు చేరిందంటే అందులో బంగారం వాటా పెద్దదే. ఆ లోటంతా డాలర్లలో కట్టాలి.

వీటిలో ఏ ఒక్కటీ మార్కెట్‌ను కూల్చదు. అన్నీ అవే ఆరు వారాల్లో పైసలు అడుగుతాయి, అంతే. ఆ బిగువులో ఎక్కడో ఒక చెడ్డ వార్త పడితే మామూలుగా 2 శాతం పడాల్సింది 5 శాతం పడుతుంది. ఎందుకంటే కొనేవాడి దగ్గర కూడా చేతిలో తక్కువే ఉంటుంది.

దక్షిణ తెలంగాణ ఇంటికి ఉన్న చిక్కు ఏమిటంటే, మన ఇంటి బిగువూ సరిగ్గా ఆ వారాల్లోనే వస్తుంది. పత్తి ఏరుడు కూలి, ఫర్టిలైజర్ షాపు ఉద్దెర, దసరాకు బిడ్డను అల్లుడిని పిలవడం, కోత మిషన్ కిరాయి. ఇంట్లో ఒకరు అమెరికాలో చదువుతుంటే ఆ ఫీజు కూడా. షేర్లలో పెట్టిన డబ్బు మీద ఇంటి అవసరం, ప్రపంచం అవసరం ఒకే వారంలో చెయ్యేస్తే ఎట్లా ఉంటుందో చెప్పడానికి మన దగ్గర పత్తి కన్నా మంచి ఉదాహరణ లేదు.

2025-26లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు రూ. 8,110. పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐ ఈ ధర ఇచ్చేది తేమ 8 శాతం ఉంటే. ఆపైన ఒక్కో శాతానికి ధరలో ఒక శాతం, అంటే రూ. 81.10 కోత. 10 శాతం తేమ చూపిస్తే రూ. 7,947.80, 12 అయితే రూ. 7,785.60. 12 దాటితే కొనరు. తేమ మీటర్ ముల్లు 15 చూపించిన బండికి ఇక దారి ప్రైవేటు వ్యాపారి దగ్గరికే, అక్కడ ధర ఆయన చెప్పిందే. అక్టోబరులో మొదటి ఏరుడు పత్తి మీద మంచు ఉంటుంది, తిరోగమన వాన ఉంటుంది. నాలుగైదు రోజులు పరదాల మీద పలుచగా పరిచి, పొద్దుగూకే ముందు ఎత్తి కప్పితే తేమ దిగుతుంది. ఈ సంగతి ప్రతి రైతుకూ తెలుసు. తెలిసీ తడి పత్తి ఎందుకు అమ్ముతాడు? కూలీలకు పైసలు ఇయ్యాలె కాబట్టి. పత్తి నాణ్యతలో లోపం లేదు, మార్కెట్ ధరలో లోపం లేదు, చేతిలో పది రోజుల ఖర్చు లేదు. ఆ పది రోజులకు అతను క్వింటాలు మీద చెల్లించిన ధర ఏ వడ్డీ వ్యాపారి లెక్కకూ అందదు.

షేర్ మార్కెట్‌లో శరత్కాలపు నష్టం కూడా అచ్చం ఇలాగే జరుగుతుంది. మంచి కంపెనీ షేరు 15 శాతం పడి ఏడాదిలో తిరిగి లేవొచ్చు. లేచేదాకా పట్టుకోగలిగినవాడికి అది కాగితం మీది నష్టం. దసరా ఖర్చుకు ఆ వారమే అమ్మినవాడికి అది తడి పత్తి.

దీనికన్నా ఘోరం తాకట్టు షేర్లది. నడిచే తీరు వివరంగా చూడాలి, ఎందుకంటే బ్రోకర్ యాప్‌లో ఇదంతా ఒక్క బటన్‌లా కనిపిస్తుంది. మీ దగ్గర 5 లక్షల విలువైన షేర్లున్నాయి, బ్రోకర్ దగ్గర తాకట్టు పెట్టారు. 20 శాతం కోత పోను 4 లక్షల మార్జిన్, అంటే లావాదేవీకి పూచీగా లెక్కేసే మొత్తం, చూపిస్తారు. ఫ్యూచర్స్, ఆప్షన్లలో, అంటే ధర ముందుముందు ఎటు పోతుందో దాని మీద చేసుకునే కాంట్రాక్టుల్లో, రాత్రి దాటించే పొజిషన్‌కు మార్జిన్‌లో సగం నగదు రూపంలో ఉండాలి, ఇక్కడే చాలామంది తప్పుతారు. సరే, అంతా సరిగ్గానే ఉందనుకుందాం. మార్కెట్ 8 శాతం పడింది. ఇప్పుడు మూడు దెబ్బలు ఒకేసారి తగులుతాయి. తాకట్టు షేర్ల విలువ 4.6 లక్షలైంది, మార్జిన్ 3.68 లక్షలకు దిగింది. ఊగిసలాట పెరిగిందని ఎక్స్చేంజ్ అడిగే మార్జిన్ పెంచింది, కొన్ని షేర్ల మీద కోత కూడా పెంచింది. ఫ్యూచర్స్‌లో ఆ రోజు నష్టం మర్నాడు పొద్దుటికల్లా నగదుగా కట్టాలి, దానికి తాకట్టు పనికిరాదు. కట్టకపోతే బ్రోకర్ మిమ్మల్ని అడగకుండానే అమ్మేస్తాడు, అదీ అందరూ అమ్ముతున్న పొద్దుట 9:15 ధరకు. నిఫ్టీ లాంటి సూచీ మీద ఒక కాంట్రాక్టు విలువ దాదాపు 15 లక్షలనుకోండి. పండగ సెలవు దాటి మార్కెట్ 3 శాతం కింద తెరుచుకుంటే ఒక్క ఫ్యూచర్ మీద 45 వేలు. స్టాప్‌లాస్ (ధర ఇంతకు పడితే అమ్మెయ్యమని ముందే చెప్పిపెట్టే ఆర్డర్) పెట్టుకున్నా సెలవు రోజు అది పనిచేయదు, తెరిచిన ధర దగ్గరే పనిచేస్తుంది.

2024 సెప్టెంబరులో షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ బయటపెట్టిన అధ్యయనం ప్రకారం అంతకుముందు మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్ల లావాదేవీలు చేసిన మామూలు జనంలో 93 శాతం మందికి నష్టమే. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల పైన. పత్తి పైసలతో ఆప్షన్లు కొనేవాళ్లకు శరత్తు ఒక్కటే గండం కాదు, పన్నెండు నెలలూ గండమే. వాళ్లకు కాలం గురించి సలహా ఇవ్వడం దండగ.

రూపాయి సంగతికొద్దాం. 2013 ఆగస్టు 28న డాలర్‌కు 68.80 దగ్గర ముగిసింది. 2018 అక్టోబరులో 74 దాటింది, 2022 అక్టోబరు 19న 83 దాటింది, 2024 అక్టోబరులో 84 దాటింది. ఇదంతా చూస్తే శరత్తులో రూపాయి పడుతుందన్న మాట నిజమే అనిపిస్తుంది. అయితే 90 దాటింది 2025 డిసెంబరులో. రిజర్వ్ బ్యాంకు చేతులు కట్టుకుని కూచోదు కూడా. 2024 సెప్టెంబరు చివర దాదాపు 705 బిలియన్లున్న విదేశీ నిల్వలు 2025 జనవరికల్లా 625 దగ్గరికి దిగాయి. రూపాయి పడేది ఆపలేకపోయినా, మెల్లగా పడేలా చేయడానికి డాలర్లు అమ్మడం ఆ తగ్గుదలకు ఒక పెద్ద కారణం. అందుకే మనకు రూపాయి జారుడు ఒక్క రోజు పిడుగులా పడకుండా, వారాల తరబడి తుంపరలా కనిపిస్తుంది. "రేపు తగ్గుతదిలే" అని ఆగేవాళ్లను ముంచేది ఆ తుంపరే.

కొడుకో బిడ్డో అమెరికాలో ఉన్న ఇంట్లో ఈ లెక్క చేతితో వేసుకోవాలి. చదువు అప్పు రూపాయల్లో మంజూరవుతుంది, ఫీజు డాలర్లలో ఉంటుంది. డాలర్ 84 ఉన్నప్పుడు మంజూరైన 40 లక్షలు 47,619 డాలర్లు. అదే 90కి చేరితే 44,444. తేడా 3,175 డాలర్లు, రూపాయల్లో 2 లక్షల 86 వేల దాకా. బ్యాంకు ఆ తేడా తనంతట తాను ఇవ్వదు. రెండో సెమిస్టర్ ఫీజు దగ్గర ఆ గుంట బయటపడుతుంది, అప్పుడు బంగారం కుదువపెట్టాల్సి వస్తుంది. అప్పు అడిగేటప్పుడే అప్పటి రేటు మీద 8 నుంచి 10 శాతం కలిపి లెక్కగట్టి మంజూరు చేయించుకోండి. వాడకపోతే దాని మీద మిత్తి పడదు.

పంపేటప్పుడు బ్యాంకు వాళ్లను టీటీ సెల్లింగ్ రేటు, అంటే విదేశానికి పంపేందుకు బ్యాంకు మనకు డాలర్ అమ్మే రేటు, ఎంతని అడగండి. ఫోన్‌లో కనిపించే రేటుకు, దానికి రూపాయి తేడా ఉంటే 12,000 డాలర్ల మీద 12 వేలు పోయినట్టే. బేరం ఆడితే తగ్గిస్తారు, అడగకపోతే తగ్గించరు. 10 లక్షల మార్పిడి మీద జీఎస్టీ రూ. 990, అందులో బేరం లేదు. ఫారంలో చార్జీల ఖానా దగ్గర 'అవర్' (OUR) అని రాయించండి, అంటే మధ్య బ్యాంకుల చార్జీలూ మనమే కడతామని. లేకపోతే దారిలో ఏదో బ్యాంకు కొన్ని డాలర్లు కోసుకుంటుంది. యూనివర్సిటీ ఖాతాలో ఆ చిల్లర బాకీగా మిగిలి రిజిస్ట్రేషన్ ఆగుతుంది. ఒక పాన్ మీద ఏడాదిలో పంపేది 10 లక్షలు దాటితే మూలంలో పన్ను వసూలు (టీసీఎస్) మొదలవుతుంది. బ్యాంకు చదువు అప్పు నుంచి పోయే డబ్బుకు అది లేదు. వసూలైనా రిటర్న్ వేసి తిరిగి తీసుకోవచ్చు, కానీ అప్పటిదాకా ఆ పైసలు అక్కడ చిక్కినట్టే. జనవరి ఫీజును ఆగస్టు, అక్టోబరు, డిసెంబరుల్లో మూడు ముక్కలుగా పంపడం నా లెక్కలో మేలు. ఐదారు ముక్కలైతే ప్రతిసారీ పడే చార్జీలు లాభాన్ని తినేస్తాయి.

డాలర్ పెరుగుతుందని పందెం వేసే యాప్‌ల జోలికి మాత్రం పోవద్దు. 2024 మే 3 నుంచి మన ఎక్స్చేంజీల్లో రూపాయి-డాలర్ కాంట్రాక్టు తీసుకోవాలంటే వెనక నిజమైన విదేశీ మారకపు అవసరం ఉండాలని రిజర్వ్ బ్యాంకు తేల్చి చెప్పింది. విదేశీ ఫారెక్స్ యాప్‌లలో చాలావాటి పేర్లు రిజర్వ్ బ్యాంకు హెచ్చరిక జాబితాలోనే ఉన్నాయి.

రూపాయి పడితే పత్తికి మంచిదే కదా అని ఒక వాదన ఉంది. సగం నిజం. పైపై లెక్క చూడండి. అంతర్జాతీయ ధర పౌండుకు 70 సెంట్లనుకుందాం. ఒక క్యాండీ దూది 355.6 కిలోలు, అంటే 784 పౌండ్లు. 549 డాలర్లు. డాలర్ 84 అయితే రూ. 46,100, 88 అయితే రూ. 48,300. క్యాండీకి 2,200 పెరిగింది. పత్తిలో దూది 34 శాతం లెక్కన ఒక క్యాండీకి పదిన్నర క్వింటాళ్ల పత్తి కావాలి. అంటే డాలర్ నాలుగు రూపాయలు పెరిగితే క్వింటాలు మీద వచ్చేది సుమారు 210 రూపాయలు. ఇప్పుడు అటు చూడండి. 2025 ఆగస్టు 19 నుంచి ప్రభుత్వం దిగుమతి పత్తి మీద 11 శాతం సుంకం ఎత్తేసింది, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించింది. సరిగ్గా మన పత్తి యార్డుకు వచ్చే కాలం అది. 48,300 మీద 11 శాతం అంటే క్యాండీకి 5,300, క్వింటాలుకు 500 పైనే. డాలర్ ఇచ్చినదానికి రెండింతలకు పైగా ఢిల్లీ ఉత్తర్వు తీసుకుపోయింది. పత్తి రైతు శరత్తులో డాలర్ రేటు కన్నా సుంకం నోటిఫికేషన్ చూడడం మేలని అందుకే అంటాను.

చేతికొచ్చిన పంట పైసల్లో షేర్లకు ఎంత అన్నది చివరి ప్రశ్న. ఇంట్లో రెండు రూపాయల మిత్తికి తెచ్చిన అప్పు ఉంటే ఎంతా లేదు. అది ఏడాదికి 24 శాతం. ఆ అప్పు తీర్చడం కన్నా ఖాయమైన రాబడి ఏ నెలలోనూ ఏ మార్కెట్‌లోనూ దొరకదు. 3 లక్షల లోపు పంట రుణం గడువులోగా కడితే 4 శాతమే పడుతుంది కాబట్టి దాన్ని తొందరపడి తీర్చాల్సిన పని లేదు, గడువు మాత్రం దాటొద్దు. అప్పులు లేనివాళ్లు కూడా పెత్రమాస నుంచి సంక్రాంతి దాకా ఇంటికి కావాల్సింది పక్కన తీసిపెట్టి, మిగిలింది నెలనెలా ఇండెక్స్ ఫండ్‌లో, అంటే సూచీలో ఉన్న షేర్లన్నీ కొనే ఫండ్‌లో, వేసుకుంటే చాలు. అక్టోబరులో పడిందని ఆపకుండా ఉంటే పడినప్పుడు ఎక్కువ యూనిట్లు వస్తాయి.

పక్కన తీసినదాన్ని ఎక్కడ పెట్టాలన్నది కూడా చూసుకోవాలి. లిక్విడ్ ఫండ్ (కొద్దికాలపు అప్పు పత్రాల్లో పెట్టే ఫండ్) అయితే మామూలుగా మర్నాటి పనిదినానికి వస్తుంది, వెంటనే కావాలంటే చాలా ఫండ్లలో 50 వేలు లేదా ఉన్నదాంట్లో 90 శాతం, ఏది తక్కువైతే అది. పెట్టిన ఏడు రోజుల్లోపు తీస్తే చిన్న కోత ఉంటుంది. ఈక్విటీ ఫండ్ అయితే సాధారణంగా రెండు పనిదినాలు. షేర్లయితే అమ్మిన మర్నాటి పనిదినానికి బ్రోకర్ ఖాతాలోకి, అక్కడి నుంచి మీరు అడిగితే మీ బ్యాంకుకు. కూలీలకు అంగడి రోజు ఇయ్యాలంటే అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టుకోండి. అంగడి ఆదివారమైతే శనివారం ఏటీఎంకు పోవాలి, శుక్రవారం బ్యాంకులో పడాలి, గురువారం బ్రోకర్‌ను అడగాలి, బుధవారం అమ్మాలి. ఆ గురువారం 2025లో లాగా గాంధీ జయంతి, దసరా రెండూ కలిసొచ్చిన అక్టోబరు 2 అయితే మంగళవారమే అమ్మి ఉండాలి.